కత్తెర పెట్టే ముందు వెనకవైపు చూడాలి

సంపాదకుల వారికి,

నమస్కారం.

పాత బొమ్మలను, రకరకాల కాగితపు ముక్కలను కానుకలకు కట్టే అట్ట చీటీల మీద కలిపి అతికించి కొలాజ్ ట్యాగులు తయారుచేసే పద్ధతి గురించి మీ పత్రిక ఆదివారం పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. పన్నెండేళ్లుగా నేను ఇష్టంగా చేస్తున్న పని ఇది. చిన్నదిగా కనిపించే ఈ కళకు ఒక పత్రిక అంత చోటు ఇవ్వడం నాకు నిజంగా సంతోషం కలిగించింది. అయితే ఆ వ్యాసంలో మొట్టమొదటి సూచనే, ఇంట్లో మూలన పడి ఉన్న పాత ఆల్బం తీసి అందులో నచ్చిన ముఖాలను కత్తిరించుకోమని ఉంది. ఆ ఒక్క వాక్యం చదివి ఎంతమంది ఆ రోజు మధ్యాహ్నమే కత్తెర తీసుకుని కూర్చున్నారో అన్న ఆందోళనతో ఈ ఉత్తరం రాస్తున్నాను. ట్యాగు తయారీలో తక్కిన పొరపాట్లన్నీ దిద్దుకోదగినవే. రంగు ఎక్కువైతే పైన మరో కాగితం అతికించవచ్చు, అట్ట వంగితే బరువు పెట్టి సరిచేయవచ్చు. అసలు ఫోటోను కత్తిరించడం మాత్రం దిద్దుకోలేని పొరపాటు.

నేను ఆ పొరపాటు చేశాను. ఈ పని మొదలుపెట్టిన తొలి రోజుల్లో మా పెద్దమ్మ పెట్టెలో ఒక గ్రూపు ఫోటో దొరికింది. వెనక వరుసలో నిలబడిన ఒక అమ్మాయి ముఖం, ఆ కాలపు వెలుగునీడలతో, నేను తయారుచేస్తున్న ట్యాగుకు సరిగ్గా సరిపోయింది. ఫోటోను తిప్పి చూడకుండానే ముఖం చుట్టూ కత్తిరించి, తెల్ల జిగురు దట్టంగా రాసి అట్టకు అంటించేశాను. మిగిలిన ముక్కలు చెత్తలో పడ్డాయి. ఆ ట్యాగును పుట్టినరోజు కానుకకు కట్టి ఒక స్నేహితురాలికి ఇచ్చాను. రెండేళ్ల తరువాత పెద్దమ్మ పోయినప్పుడు మా అక్క ఆ ఫోటో కోసం వెతికింది. నేను కత్తిరించిన అమ్మాయి మా పెద్దమ్మే. ఆమె యవ్వనంలో తీసిన ఫోటో అదొక్కటే. అందులో ఉన్నవాళ్లందరి పేర్లూ ఆమె వెనకవైపు పెన్సిలుతో వరుసగా రాసిపెట్టిందట. స్నేహితురాలిని అడిగి ట్యాగు తిరిగి తెచ్చుకుని, అంచు తడిపి ముఖాన్ని ఊడదీయబోతే పైపొర చినిగి వచ్చింది తప్ప జిగురు వదలలేదు. ఇప్పుడు మా దగ్గర సగం ముఖం ఉంది. పేర్లు లేవు. ఆ వరుసలో తక్కినవారు ఎవరో చెప్పగలవాళ్లు కూడా ఎవరూ మిగలలేదు.

ఆ తరువాత నేను ఈ పని మానలేదు. మానవలసిన అవసరమూ కనిపించలేదు. కాని ఏ కాగితం చేతిలోకి వచ్చినా ఒక్క ప్రశ్న వేసుకోవడం మొదలుపెట్టాను: ఇలాంటిది ప్రపంచంలో ఇంకొకటి ఉందా? పాత పత్రికలోని ప్రకటన, ప్రయాణపు టికెట్టు, శిథిలమై పుటలు ఊడిపోతున్న నిఘంటువు, సంగీత స్వరాలు అచ్చయిన కాగితం, వాడేసిన పటం వంటివి వేలల్లో, లక్షల్లో అచ్చయినవి. ఒక ప్రతి నా కత్తెరకు బలైనా వేరే ప్రతులు ఎక్కడో ఉంటాయి. చేతిరాత ఉత్తరం, కుటుంబ ఫోటో, ఎవరో చిన్నప్పుడు గీసిన బొమ్మ, సంతకం చేసిన దస్తావేజు అలాంటివి కావు. అవి ఒక్కొక్కటే ఉంటాయి. ఈ గీత గీసుకున్నాక నాకు పనిలో ఏ లోటూ కలగలేదని చెప్పగలను.

కొలాజ్‌ను గొప్ప కళగా నిలబెట్టినవారి పనిని చూసినా ఇదే కనిపిస్తుంది. జార్జ్ బ్రాక్, పాబ్లో పికాసో 1912లో తమ చిత్రాల్లో అతికించినవి గోడలకు అంటించే అచ్చు కాగితాలు, వార్తాపత్రికల ముక్కలు. జర్మనీలో కుర్ట్ ష్విట్టర్స్ 1919 నుంచి టికెట్లు, రేపర్లు, పారేసిన ప్రకటన కాగితాలు ఏరుకుని చిత్రాలు కూర్చారు. తన కళకు ఆయన పెట్టుకున్న ‘మెర్ట్స్’ అన్న పేరు కూడా ఒక బ్యాంకు ప్రకటనలోని ‘కొమెర్ట్స్’ అన్న మాటను కత్తిరించగా మిగిలిన ముక్కే. హన్నా హోఖ్ బెర్లిన్‌లో ఒక పెద్ద ప్రచురణ సంస్థలో పనిచేస్తూ, సచిత్ర పత్రికల్లో అచ్చయిన ఫోటోలను ముడిసరుకుగా తీసుకున్నారు. చెక్కపెట్టెల్లో పాత బొమ్మలను, చిన్న చిన్న వస్తువులను అమర్చిన జోసెఫ్ కార్నెల్ అయితే తనకు నచ్చిన బొమ్మలకు ఫోటోస్టాట్ నకళ్లు తీయించుకుని, ఒకే ముఖాన్ని వేర్వేరు పెట్టెల్లో మళ్లీ మళ్లీ వాడుకున్నారు. నకలు వాడితే కళ పలచబడిపోతుందని అనుకునేవారికి కార్నెల్ పెట్టెలే జవాబు.

పాత ఫోటోను కత్తిరించకూడదనడానికి దాని నిర్మాణం మరో కారణం. 1854లో ఫ్రాన్స్‌లో డిస్డేరీ అనే ఫోటోగ్రాఫర్ పేటెంటు పొందిన చిన్న కార్డు ఫోటోలు, ఆ తరువాత వచ్చిన వాటికంటే పెద్ద క్యాబినెట్ కార్డులు, పాత బొమ్మలు సేకరించేవారికి తరచుగా దొరుకుతుంటాయి. వాటిలో ఎక్కువ భాగం గుడ్డు తెల్లసొన పూసిన పలచని కాగితం మీద ముద్రించి మందపాటి అట్టకు అంటించినవి. వాటికి తడి జిగురు తగిలితే పలచని కాగితం ఒకవైపు, అట్ట మరొకవైపు లాగుకుంటాయి. ఇరవయ్యో శతాబ్దపు నలుపు తెలుపు ఫోటోల్లో బొమ్మ జెలటిన్ అనే జిగురులాంటి పదార్థపు పొరలో ఉంటుంది. నీరు తగిలితే జెలటిన్ ఉబ్బి, మెత్తబడి, దేనికి తగిలితే దానికి అంటుకుంటుంది. మా పెద్దమ్మ ముఖం పైపొర ఎందుకు ఊడివచ్చిందో నాకు ఇది తెలిశాకే అర్థమయింది. ఇక చేతిరాత ఉత్తరాల సంగతి చెప్పనక్కరలేదు. ఫౌంటెన్ పెన్ను సిరాల్లో చాలావరకు నీటిలో కరిగేవే. జిగురు పూసిన మరుక్షణం అక్షరాలు అలుక్కుపోతాయి.

నకలు తీయడం ఇప్పుడు కష్టమైన పని కాదు, అయినా కొంచెం శ్రద్ధ కావాలి. ముందుగా ఫోటో రెండువైపులా స్కాన్ చేయాలి. వెనకవైపున్న రాత, స్టూడియో ముద్ర, తేదీ ఒక్కోసారి ముందువైపు బొమ్మకంటే విలువైనవి. కాగితం మీద మంచి ముద్రణకు అంగుళానికి 300 చుక్కలు చాలు. కాని చిన్న ఫోటోలో ఉన్న ముఖాన్ని రెండింతలు చేసి వాడదలిస్తే 600 చుక్కల దగ్గర స్కాన్ చేయాలి, అప్పుడే పెద్దదయ్యాక కూడా 300 మిగులుతాయి. ముద్రణకు నేను లేజర్ ప్రింటునో జిరాక్సునో ఎంచుకుంటాను. వాటిలో వాడే టోనరు వేడితో కాగితానికి కరిగి అంటుకునే ప్లాస్టిక్ పొడి కనుక జిగురు తడికి చెదరదు. ఇంక్‌జెట్ ప్రింటర్లలో ఎక్కువ వాటిలో రంగు నీటిలో కరిగేది. అలాంటి ప్రింటు మీద తడి కుంచె తగిలితే బుగ్గల నలుపు మెడ దాకా కారుతుంది. ఇంక్‌జెట్ తప్ప వేరే దారి లేనివారు ప్రింటును ఒక రోజు ఆరనిచ్చి, ముందు ఒక చిన్న ముక్క మీద జిగురు పరీక్షించి చూసుకోవడం మంచిది. నకలు వల్ల మరో సౌలభ్యం కూడా ఉంది: అదే ముఖాన్ని కాస్త లేత గోధుమ రంగులో ఒకటి, నీలిఛాయలో ఒకటి, అద్దంలో కనిపించినట్టు ఎడమ కుడి మార్చి ఒకటి తీసుకుని, ట్యాగు మీద ఏది నప్పుతుందో పెట్టి చూసుకోవచ్చు. అసలు ఫోటోతో ఆ స్వేచ్ఛ ఉండదు. ఒక్కటే ఉంది కదా అన్న భయంతో చేసిన ట్యాగులో ఆ భయం కనిపిస్తుంది.

ట్యాగు అన్న ఆకారం మీద నాకున్న ఇష్టం గురించి కూడా ఒక మాట చెప్పనివ్వండి. అది మొదట సరుకుల మూటలకు కట్టే చీటీ. పై రెండు మూలలు ఏటవాలుగా కోసి, మధ్యలో రంధ్రం చేసిన చీటీ అది; ఆ రంధ్రం చిరిగిపోకుండా చుట్టూ కాగితపు వలయం అంటించే పద్ధతికి అమెరికాలో డెన్నిసన్ అనే వ్యాపారి 1863లో పేటెంటు పొందారు. చిరునామా రాసి పంపడానికి పుట్టిన ఆ చీటీ మీద ఈనాడు మనం బొమ్మలు కూర్చుతున్నా, అది ఇప్పటికీ ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి వెళ్లవలసిన వస్తువే. మామూలుగా వాడే పెద్ద ట్యాగు సుమారు 6¼ అంగుళాల పొడవు, 3⅛ అంగుళాల వెడల్పు ఉంటుంది. మధ్యరకం 4¾ అంగుళాలకు 2⅜. అంత చిన్న చోటులో ఒక ముఖానికి, ఒక మాటకు, రెండు మూడు కాగితాలకు మించి పట్టవు. మొదట్లో నేను పువ్వు, పక్షి, గడియారం, తాళంచెవి, లేసు అన్నీ ఒకే ట్యాగు మీద పేర్చేదాన్ని. ఇప్పుడు ఒక్క బొమ్మను ఎంచుకుని, దాని వెనక నిఘంటువు పుటో పటం ముక్కో వేసి, ఆ అచ్చు మరీ ముందుకు రాకుండా పలచగా తెల్లరంగు పూసి ఆరబెడతాను. కత్తెరతో కోసిన అంచు గీతలా నిలుస్తుంది. చేత్తో చింపిన అంచున కాగితం లోపలి తెల్లని పీచు బయటపడి కింది కాగితంలో కలిసిపోతుంది. ముఖానికి కత్తెర, నేపథ్యానికి చేయి అన్నది నా అలవాటు.

కాగితం ఎంపిక గురించి మీ వ్యాసం దాదాపు ఏమీ చెప్పలేదు. ఈ ఉత్తరం మీరు ప్రచురిస్తే అది అచ్చయ్యే కాగితమే దీనికి మంచి ఉదాహరణ. వార్తాపత్రిక కాగితాన్ని కలపను రుబ్బిన గుజ్జుతో చేస్తారు. జర్మనీలో కెల్లర్ 1840ల్లో కలపను రాతి మీద అరగదీసి గుజ్జు తీసే పద్ధతి కనిపెట్టేదాకా ఐరోపాలో కాగితం ఎక్కువగా నార, నూలు గుడ్డపీలికలతో తయారయ్యేది. కలపలోని లిగ్నిన్ అనే పదార్థం ఎండకు, గాలికి పసుపెక్కుతుంది, ఆమ్లాలను పుట్టిస్తుంది. ఆ ఆమ్లం పీచును తెంపి కాగితాన్ని పెళుసు చేస్తుంది. అందుకే రెండు వందల ఏళ్ల కిందటి గుడ్డపీలికల కాగితం ఇంకా తెల్లగా, మెత్తగా ఉండగా, అరవై ఏళ్ల కిందటి చవక పుస్తకం పుట తిప్పితే విరిగిపోతుంది. ఇంకా చెడ్డ సంగతి ఏమిటంటే ఈ ఆమ్లం పక్కనున్న కాగితానికి కూడా పాకుతుంది. పాత పుస్తకంలో ఎవరో పెట్టి మరచిపోయిన వార్తాపత్రిక ముక్కను తీసినప్పుడు, సరిగ్గా దాని ఆకారంలోనే పుట మీద గోధుమరంగు మచ్చ కనిపించడానికి కారణం ఇదే. వార్తాపత్రిక ముక్క అందం నచ్చినవారు దాన్ని కూడా ఆమ్లం లేని మంచి కాగితం మీద నకలు తీసి వాడుకోవచ్చు. ఆ పాతదనపు పసుపు ఛాయ నకలులో అలాగే వస్తుంది, తరువాత ముదరదు.

జిగురు విషయంలో నా అభిప్రాయం కొందరు కొలాజ్ మిత్రులకు నచ్చదు. బడిపిల్లల నుంచి పుస్తకాలు కుట్టేవారి దాకా అందరూ వాడే తెల్లని పి.వి.ఏ. జిగురు గట్టిది, ఎండాక పారదర్శకంగా ఉంటుంది, నకళ్లను అతికించడానికి చక్కగా పనికొస్తుంది. కాని ఆరిన తరువాత నీటితో అంత తేలికగా వదలదు కనుక, ఎప్పటికైనా విడదీయవలసి రావచ్చు అనిపించే దేనికీ దాన్ని వాడకూడదు. పిండిపదార్థంతో వండిన జిగురు, మిథైల్ సెల్యులోజ్ జిగురు తడిపితే వదులుతాయి. గ్రంథాలయాల్లో పాత కాగితాలకు మరమ్మతు చేసేవారు వాటిని ఇష్టపడేది అందుకే. రబ్బరు జిగురును మాత్రం నేను ఎవరికీ సూచించను. అంటించిన రోజు అందంగా ఉంటుంది, కొన్నేళ్లకు జిడ్డు మరకలా గోధుమరంగు తేలుతుంది, పట్టు కూడా పోతుంది. ఏ జిగురైనా పలచగా, అంచుల దాకా సమంగా రాయాలి. ట్యాగు వంగిపోతోందని చాలామంది అట్టను నిందిస్తారు. తడికి కాగితపు పీచు అడ్డంగా ఉబ్బి, ఆరేటప్పుడు అతికించిన వైపుకు లాగుతుంది, అసలు కారణం అది. వెనకవైపు కూడా అంతే మందం గల కాగితం, పీచు దిశ ఒకటే ఉండేలా చూసి అతికిస్తే రెండు లాగుళ్లూ సమానమవుతాయి. పీచు దిశ తెలియాలంటే కాగితాన్ని చింపి చూస్తే చాలు. పీచు వెంట చింపితే తిన్నగా వస్తుంది, అడ్డంగా చింపితే వంకరపోతుంది. తరువాత జిగురు అంటని కాగితాల మధ్య ఉంచి, పైన బరువైన పుస్తకాలు పెట్టి ఒక రాత్రంతా వదిలేయాలి.

మా ఇంట్లో పాత ఫోటోలే లేవు, బొమ్మలు ఎక్కడి నుంచి తేవాలని అడిగేవారికి దొరికే నిధి చాలా పెద్దది. బ్రిటిష్ లైబ్రరీ 2013 డిసెంబరులో 17, 18, 19వ శతాబ్దాల పుస్తకాల్లోని పది లక్షలకు పైగా బొమ్మలను ఎవరైనా వాడుకునేందుకు ఇంటర్నెట్‌లో పెట్టింది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 ఫిబ్రవరిలో 3,75,000కు పైగా చిత్రాలను, స్మిత్సోనియన్ సంస్థ 2020 ఫిబ్రవరిలో 28 లక్షల చిత్రాలను అలాగే విడుదల చేశాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం 2012 నుంచే ఈ దారిలో ఉంది. వృక్షశాస్త్ర గ్రంథాల్లోని చేతిరంగుల పువ్వులు, పాత పటాలు, పక్షులు, యంత్రాల చెక్కడపు బొమ్మలు అన్నీ అక్కడ దొరుకుతాయి. అయితే పాతగా కనిపించినదల్లా అందరి సొత్తు అయిపోదు. కాపీరైటు గురించి దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందం ప్రకారం సాధారణంగా రచయిత జీవితకాలం, ఆ తరువాత కనీసం 50 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది, అనేక దేశాల్లో అంతకంటే ఎక్కువ కూడా. ట్యాగులను అమ్మదలచినవారు ఇది ముందే చూసుకోవాలి.

వెనకవైపు రాయడం గురించి చెప్పాలనే ఈ ఉత్తరం ఇంత పొడుగయింది. ఇంగ్లండులో మేరీ డెలానీ అనే ఆవిడ 1772లో, తన 72వ ఏట, రంగు కాగితాలను సన్నని ముక్కలుగా కత్తిరించి నల్లని నేపథ్యం మీద అతికించి పువ్వుల బొమ్మలు చేయడం మొదలుపెట్టారు. ఒక్కొక్క పువ్వులో లెక్కలేనన్ని ముక్కలు, రేకు మీది నీడకు ఒక ముక్క, కేసరానికి ఒక ముక్క. అక్కడక్కడ నిజమైన ఆకునే అతికించారు. చూపు మందగించి 1782లో ఆపేసేనాటికి దాదాపు వెయ్యి బొమ్మలు పూర్తయ్యాయి. వాటిలో 985 ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. నన్ను కదిలించింది ఆ పనితనం ఒక్కటే కాదు. ఆవిడ మొక్క పేరుతో పాటు, ఆ బొమ్మ ఎప్పుడు చేశారో, ఎక్కడ చేశారో, ఆ మొక్కను తనకు ఎవరు ఇచ్చారో కూడా రాసిపెట్టారు. రెండు వందల యాభై ఏళ్ల తరువాత ఆ పువ్వులు ఒట్టి పువ్వులుగా మిగిలిపోకుండా ఒక మనిషి స్నేహాలుగా, ప్రయాణాలుగా మనకు అందుతున్నాయంటే, ఆ నాలుగు మాటలు రాసిన చేతి వల్లనే. ట్యాగు వెనక నాలుగు మాటలకు చోటు ఎప్పుడూ ఉంటుంది. బొమ్మలో ఉన్నది ఎవరు, అసలు ఫోటో ఎవరి దగ్గర ఉంది, ట్యాగు ఎవరి కోసం, ఏ రోజున చేశాం అన్నవి మెత్తని పెన్సిలుతో రాస్తే చాలు. పెన్సిలు గీత వెలిసిపోదు, నీటికి కారదు.

కనుక నా విన్నపం చిన్నది. ఇకముందు మీ పత్రికలో ఇటువంటి చేతిపనుల వ్యాసం వచ్చినప్పుడు, కావలసిన సామగ్రి జాబితాలో ‘పాత ఫోటోలు’ అని కాకుండా ‘పాత ఫోటోల నకళ్లు’ అని రాయించండి. పక్కన అచ్చువేసే నమూనా ట్యాగు బొమ్మ ఎక్కడి నుంచి తీసుకున్నదో ఒక వరుసలో తెలియజేయండి. వీలైతే ఇప్పటికే వచ్చిన వ్యాసానికి ఈ మేరకు ఒక సవరణ వేయండి. ఈ ఉత్తరంతో పాటు నేను చేసిన ఒక ట్యాగును పంపుతున్నాను. దాని మీద ఉన్నది మా పెద్దమ్మ ముఖంలో మిగిలిన సగానికి తీసిన నకలు. మిగతా సగం చోటును ఖాళీగానే వదిలాను. వెనకవైపు ఆమె పేరు, నాకు గుర్తున్నంత వరకు ఆ ఫోటో సంగతి రాసి ఉన్నాయి. ప్రచురించదలిస్తే రెండువైపులా ప్రచురించగలరు.

ఇట్లు,
మీ పాఠకురాలు